తెల్ల పొట్టలు

పెద్దక్క పెంచేది పురుగులని చెప్తే కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. అవి అందరూ అనుకునే పురుగులు కావు. నువ్వుగింజలో సగం లేని డాఫ్నియాలు, నీళ్ళలో గెంతుతూ తిరుగుతాయి. చేపపిల్లలకు వాటిని మించిన బలమైన మేత లేదు. పెరట్లో కొన్ని తొట్లలో కంటికి ఆనని నాచును చిక్కగా పెంచి, ఆ పచ్చనీళ్ళు పోసి వాటిని సాకేది. చేపపిల్లల వ్యాపారి ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా కొనేవాడు కాదు. భర్త పోయాక ఆమెను నిలబెట్టింది ఆ మంచి పేరే.

కామెర్లు ముదిరి ఆమె మంచాన పడితే చెల్లెలు పరుగున వచ్చింది. మందులు మింగించింది, తల దువ్వింది, తొట్ల పనీ నెత్తిన వేసుకుంది. పచ్చనీళ్ళు పోశావా అని అడిగితే, పోశానక్కా అనేది. చెల్లెలంటే ఇలా ఉండాలని పెద్దక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత ఆమెకు తెలియక కాదు. తోడబుట్టినవాళ్ళకు అది వర్తించదనుకుంది.

లేచి నాలుగడుగులు వేయగలిగిన పొద్దున వ్యాపారి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. మీ మేతతో పిల్లలు ఎదగలేదు, సగం చచ్చాయి, ఇక వేరేచోట కొంటున్నానని చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్దక్క గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, గాజుగ్లాసుతో నీళ్ళు ముంచి వెలుతురుకు పెట్టింది. డాఫ్నియా ఒళ్ళు అద్దం, ఏం తిన్నదీ పైకి కనిపిస్తుంది. నాచు తింటే పొట్టలో పచ్చగీత ఉండాలి. ఇక్కడ అన్నీ తెల్లగీతలే. రొట్టెల్లో వేసే ఈస్టు కలిపి పోశారు. దాంతో పురుగులు పెరుగుతాయి గానీ వాటిలో సత్తువ ఉండదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పురుగు పొట్ట మాత్రం పట్టించింది.

మరి నాచు ఏమైంది? నాచుతొట్లు అడుగంటి ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటిని ముట్టుకున్నది చెల్లెలొక్కతే. ఓపిక లేకపోయినా వీధి చివరి చెల్లెలింటికి నడిచింది. పెరట్లో కొత్త తొట్లు, నిండా చిక్కటి పచ్చనీళ్ళు. వ్యాపారి చెప్పిన వేరేచోటు ఇదే. పరాయివాళ్ళు చేసుంటే తిట్టి ఊరుకునేది. ఇప్పుడు తొట్టి కలుపుతున్న చెల్లెలి పక్కకు వెళ్ళి నిలబడింది.

"అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదే."

చెల్లెలు తల ఎత్తకుండా తొట్టి కలుపుతూనే ఉంది.

"నువ్వు మళ్ళీ లేస్తావనుకోలేదక్కా," అంది.