ఇంటికి వెళ్లని సమ్మె

ఎనిమిదేళ్ల పిల్లను సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. రెండు రోజులు. అన్నం చాల్లేదని అడగడమే ఆ పిల్ల చేసిన నేరం. తలుపు తీసినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. "ఇంకెప్పుడూ అడగనమ్మా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ప్రభుత్వ బాలల సదనంలో మేం పదకొండు మందిమి, ఆయాలమూ వంటవాళ్లమూ బట్టలుతికేవాళ్లమూ. అందరం కలిసి ఫిర్యాదు రాశాం. రాసి ఏం చేశామంటారా? సెలవు చీటీ నుంచి సబ్బుల జాబితా దాకా ఏ కాగితమైనా సూపరింటెండెంటు ద్వారానే పైకి పోవాలన్నది ఇరవై ఏళ్ల అలవాటు. ఆయన మీద రాసిన ఫిర్యాదును ఆయన బల్ల మీదే పెట్టి వచ్చాం. మా తెలివి అలా తెల్లారింది.

రెండోసారి డైరెక్టరుకు పోస్టులో పంపాం. జవాబొచ్చింది: విచారణ చేసేది సూపరింటెండెంటేనట. మంత్రికి పంపాం. అదీ తిరిగి తిరిగి అదే బల్ల మీదికి చేరింది. ఈలోగా ఆ పిల్లను మళ్లీ గదిలో వేశారు.

వంటగదిలో కూర్చున్నాం.

"ఈ శాఖ జీతం తినేవాడెవడూ ఈ శాఖ మీద నోరెత్తడక్కా," అంది వంటామె నాతో. "పిల్లల తరఫున అడగడానికి వేరే ఆఫీసుండాలి. చట్టం చేసి పెట్టాలి. ఏ తలుపైనా తీయించగలగాలి. మంత్రిక్కూడా దాన్ని పీకేసే వీలుండకూడదు."

"ఊరికే ఇస్తారా? పని మానేద్దాం," అంది చిన్నాయా.

"మానేస్తే పస్తులుండేది ఎవరే? ఆ పిల్లలేగా," అంది వంటామె.

చివరికి బట్టలుతికే పెద్దమ్మ గొణిగింది. "పని మానొద్దు. ఇంటికెళ్లడం మానేద్దాం."

తాళం విరగ్గొట్టి పిల్లను బయటికి తెచ్చుకున్నాం. డ్యూటీ అయిపోయినవాళ్లం గేటు దాటకుండా పిల్లల కోసం వేరే కమిషన్ కావాలని అట్ట మీద రాసి పట్టుకుని ఆ గది ముందే కూర్చున్నాం. మూడో రోజుకి పక్క ఆస్పత్రి ఆయాలు, కాలేజీ విద్యార్థులు మాకు మద్దతుగా గేటు బయట గుమిగూడారు.

నాలుగో రోజు మధ్యాహ్నం డైరెక్టరు పోలీసులతో వచ్చాడు. "మీరడిగిన కమిషన్ వేశాం. ఇక లేవండి."

వంటామె ఆ కాగితం తీసుకుని గట్టిగా చదివింది. అధ్యక్షుడు డైరెక్టరు. కార్యదర్శి మా సూపరింటెండెంటు. విద్యార్థులు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఇన్ని నెలలు కాళ్లరిగేలా తిరిగింది ఇందుకా?

"మీ మీద మీకే చెప్పుకోవాలా సార్?" అంది వంటామె. "దానికి కమిషనెందుకు, మీ ఇంట్లో అద్దం చాలదా?"

ఆమెను జీపెక్కించారు. అడ్డుపడిన ఆరుగురినీ ఎక్కించారు. "పొయ్యి మీద అన్నముంది, చూడండి," అని జీపులోంచి కేకేసింది.

మిగిలింది నలుగురం. నూట ఇరవై మంది పిల్లలు. అప్పుడే ఆస్పత్రి ఆయాలు గేటు తోసుకుని లోపలికొచ్చారు.

"మీకిక్కడేం పని?" ఇన్‌స్పెక్టరు అడ్డం నిలబడ్డాడు.

"మా డ్యూటీ అయిపోయింది. ఇంటికెళ్లడం మేమూ మానేశాం," అందొకామె. "పక్కకి జరగండి, పిల్లలకి వడ్డించాలి."