బోర్లించిన చెంబు

"ఇంత చోటు ఖాళీగా వదిలేశావేంటి రాజీ?" అన్నాడు అశోక్, కాగితాన్ని వంటింటి కిటికీ వెలుతురుకి పట్టి.

రాజేశ్వరి వంకాయల్లో కారం కూరుతోంది. చేతులు ఖాళీ లేవు గానీ, ఉంటే ఆ కాగితం లాక్కునేదే. "వదిలెయ్యలేదండీ. ఆ ఖాళీ కూడా నేను వేసిందే," అంది. అతను నవ్వాడు. "మా అమ్మ వినలేదు, బతికావు. ఇలాగే వండకుండా వండానని కూడా చెప్తావా అనేది."

పెళ్లయి గుంటూరు వచ్చి ఎనిమిదేళ్లు. అంతకుముందు హైదరాబాదులో ఐదేళ్లు డిజైను చదివింది. చూసేవాడి కంటికి దారి ఇవ్వమ్మా, గోడలు కట్టకు అని అక్కడి మాస్టారు నేర్పారు. ఇక్కడికొచ్చాక కట్టినవన్నీ గోడలే. కారప్పొడి ప్యాకెట్టు అంటే దాని మీద వెంకటేశ్వరస్వామి ఉండాలి, పక్కన నవ్వే ఇల్లాలు ఉండాలి, పైన యజమాని తండ్రిగారి ఫోటో ఉండాలి, మిగిలిన బెత్తెడు చోటులో మిరపకాయ సర్దుకోవాలి. అయినా వంద బొమ్మలకి ఒకటో రెండో తన మాట నెగ్గించుకుంది. ఎర్రటి నేల మీద ఒకే ఒక్క గింజతో ఆమె చేసిన మిరప విత్తనాల ప్యాకెట్టు ఒంగోలు దాకా దుకాణాల్లో వేలాడింది. దాని కింద మాత్రం భర్త అచ్చాఫీసు పేరు, "అశోక్ ఆఫ్‌సెట్, గుంటూరు" అని ఉండేది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, బొమ్మ ఈమెది, పేరు ఆయనది. నా పేరు కూడా చిన్నగా వెయ్యండి అని అడిగితే, "నీది వేరు, నాది వేరూనా?" అన్నాడు. అంత ప్రేమగా అన్న మాటకి ఏ ఆడది ఎదురు చెప్పగలదు?

వారానికి మూడు రోజులు ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పేది. అక్కడా అంతే. మీ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది కదమ్మా అని ప్రిన్సిపాల్ గారు సర్టిఫికెట్లన్నీ ఆమె చేతే రాయించేవారు. వార్షికోత్సవానికి ముగ్గు ఆమే, ముఖ్య అతిథికి పూలగుత్తి ఇచ్చేదీ ఆమే. పిల్లల ముందు నిలబడిన ఆ గంట ఒక్కటే ఆమె సొంతం. "మీరు వేసిన ప్రతి బొమ్మనీ చదువు రాని మనిషికి చూపించండి. ఆ మనిషికి అర్థం కాకపోతే తప్పు మీది," అని మొదటి రోజే చెప్పేది.

ఆ పూట అశోక్ చేతిలో ఉన్నది, సత్తెనపల్లి రాఘవులు గారు కొత్తగా తెస్తున్న పురుగుమందు డబ్బాకి అంటించే కాగితం. పసుపు నేల. నడిమధ్య బోర్లించిన నల్ల చెంబు. అడుగున మందు పేరూ, ప్రభుత్వం వెయ్యమన్న పుర్రె గుర్తూ. తను చెప్పే పాఠం తనూ పాటించి, రాజేశ్వరి దాన్ని అంతకుముందే గిన్నెలు తోమే పున్నమ్మకి చూపించింది. మందు డబ్బాకి వేస్తున్నాను, ఏం తెలుస్తోంది అని అడిగింది. పున్నమ్మ తడి చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూసింది.

"చెంబు బోర్లేశారు. దీంట్లోది తాగకూడదు, దీంట్లో ఏదీ పోసుకోకూడదు. అంతేగామ్మా?"

అంతే. ఎనిమిదేళ్లలో రాజేశ్వరి బొమ్మలకి దక్కిన మెప్పు అదొక్కటే.

రాఘవులు గారికి నచ్చలేదు. "చెంబు బోర్లించడం ఏంటయ్యా, అపశకునం. రైతు పొద్దున్నే దాని మొహం చూడాలా? లక్ష్మీదేవిని వెయ్యి," అన్నాడట. అశోక్ ఒక్క ముక్క వాదించలేదు. చెంబు తీసేసి, ఆ ఖాళీ అంతా నిండేలా లక్ష్మీదేవిని కూర్చోబెట్టి, పుర్రె గుర్తుని గోరంత చేసి మూలకి నెట్టి, పక్కన నిండు కలశం పెట్టించాడు. ఇంట్లో చెప్పలేదు. అచ్చయిన కాగితం తెచ్చి, అడుగు అంచు మీద వేలు పెట్టి చూపించాడు. "డిజైన్: రాజేశ్వరి."

"ఇప్పుడు సంతోషమేనా?" అన్నాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆమె ముందు చూసింది అమ్మవారిని కాదు, తన పేరుని. రెండుసార్లు చదువుకుంది. అమ్మవారిని తర్వాత చూసింది. ఇది నేను వేసింది కాదు అనబోయింది. అంటే పేరు తీసేస్తాడేమోనని మింగేసింది.

మిరప కోతలు మొదలవగానే, ఏటా చేసేట్టే, పున్నమ్మ గిన్నెల పని మానుకుని కూతురు కోటేశ్వరితో సత్తెనపల్లి వైపు కూలికి పోయింది. నెల తిరక్కుండానే కబురొచ్చింది, తల్లీకూతుళ్లిద్దరినీ గుంటూరు ఆసుపత్రికి తెచ్చారని. రాజేశ్వరి వెళ్లేసరికి ఒక్క పున్నమ్మే మిగిలి ఉంది.

"గట్టు మీద పడుందమ్మా ఆ డబ్బా. అమ్మోరి బొమ్మున్నదాన్ని కాళ్లకింద ఎట్టా వదిలేస్తాం, పాపం గదా? తెచ్చి బూడిదేసి తోమాను. బొమ్మకి తడి తగలకుండా తోమాను. బొట్టు గూడా పెట్టాను. దాంట్లో మజ్జిగ పోసుకొని చేలోకి పోయాం. పిల్లకి దాహమేసింది. ముందు అదే తాగింది."

ఏ మందో తెలియాలని డాక్టర్లు తెమ్మంటే తెచ్చిన డబ్బా మంచం కిందే ఉంది. లక్ష్మీదేవి నుదుట పున్నమ్మ పెట్టిన కుంకుమ ఇంకా చెదరలేదు. అడుగున అంచు మీద పేరు. పున్నమ్మకి చదువు రాదు. ఆ రోజు రాజేశ్వరిని కాపాడింది అదొక్కటే, ఆ కాపాడటమే ఆమెకి సిగ్గుగా ఉంది.

పున్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "మీరు మందు డబ్బాకని చెంబు బొమ్మేశారు గదమ్మా. అయ్యి ఇంకా రాలేదా? వచ్చుంటే నేను ముట్టుకునేదాన్నే గాదు."

రాజేశ్వరి చెయ్యి విడిపించుకుని ఇంటికొచ్చేసింది. దారంతా ఏడ్చింది, ఇంకా ఎన్ని గట్ల మీద ఆ అమ్మవారు ఉందో అని ఏడ్చింది. ఇంటికొచ్చి అన్నం వార్చింది. ఏడిస్తే పనులాగవు కదా.

మర్నాడు, సంగతంతా విన్న అశోక్ అన్నం కలుపుకుంటూ, "రెండో విడత అచ్చుకి ఇవ్వాలి. నీ పేరు తీసేస్తాన్లే. ఎవరైనా అడిగితే మనకెందుకొచ్చిన గొడవ?" అన్నాడు. ఎనిమిదేళ్లు అడిగితే ఎక్కిన పేరు, తీసెయ్యడానికి ఒక ముద్ద కలిపినంత సేపు పట్టలేదు.

"అమ్మవారిని కూడా తీస్తారా?"

"రాఘవులు గారు ఒప్పుకోవద్దూ?"

"ఆ బొమ్మ అచ్చెయ్యడానికి తీయించిన ఫిలింలు నా బ్యాగులో పెట్టుకున్నానండి. ఇవ్వను."

"పిచ్చా నీకు? మళ్లీ తీయించుకోలేననా?"

"తీయించుకోండి. ఈసారి మీ పేరు వేసుకోండి."

ఆమె మజ్జిగ గిన్నె అతని ముందుకి జరిపి, బ్యాగు భుజాన వేసుకుని పాలిటెక్నిక్‌కి వెళ్లిపోయింది.

క్లాసులో బోర్డు మీద రెండు కాగితాలు అంటించింది. ఒకటి చెంబు, ఒకటి లక్ష్మీదేవి. జరిగిందంతా చెప్పింది. కోటేశ్వరి పేరూ చెప్పింది. ముందు బల్ల మీద కూర్చున్న శ్రీదివ్య మెల్లగా అడిగింది.

"చెంబు మీరు వేశారు. మరి ఈ రెండోది ఎవరు చేశారు మేడమ్?"

"దగ్గరికొచ్చి కింద చదువు."

శ్రీదివ్య వచ్చి చదివింది. చదివి తల దించుకుంది.

"అందరికీ వినపడేలా చదువమ్మా," అంది రాజేశ్వరి. "ఎలా ఉంటుందో ఒకసారి విననీ. సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి, చదువు రాని ఒకావిడకి నేనే చదివి వినిపించాలి."