అంగీకార పత్రం మీద ఎర్ర పెన్ను

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఏ తనిఖీ కాగితం చేతికొచ్చినా వరుసవరుసకీ పక్కన రిమార్కు రాస్తే తప్ప సంతకం పెట్టడు. ముప్పై ఏళ్ల చాదస్తం. నిన్న పనిలో కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రి వాళ్లు ఆపరేషన్‌కి అంగీకార పత్రం ఇస్తే, దానికీ జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గుండె నిమిషానికి ముప్పై ఐదు సార్లే కొట్టుకుంటోందని, పేస్‌మేకర్ పెట్టకపోతే ఈసారి పడితే లేవకపోవచ్చని డాక్టరు చెప్పి అప్పటికే గంటైంది.

"సంతకం పెట్టండి మహానుభావా!" అన్నాను.

"అర్థం కానిదానికి పెట్టను."

నర్సమ్మ వచ్చి, కాగితం నిండా ఎర్రగీతలు చూసి నవ్వాపుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బ్రాడికార్డియా అంటే గుండె మెల్లగా కొట్టుకోవడం బాబాయ్. పేరు చూసి జడుసుకోకండి."

"ఈ మిషను పెడితే ఇక నా గుండె పనిచెయ్యదా?"

"ఎందుకు చెయ్యదూ? అది ఆలస్యం చేసినప్పుడు మాత్రం ఇది చిన్న కరెంటు ఇచ్చి కదిలిస్తుంది. భుజం దగ్గర చర్మం కింద పెట్టి, సన్నటి వైరు గుండెదాకా పంపుతారు. లోకల్ అనస్థీషియా ఇస్తారు. అంటే అక్కడి వరకే మొద్దుబారుతుంది."

"వైరు జరిగితే?"

"జరక్కుండా కొన్ని వారాలు ఆ చెయ్యి పైకెత్తకూడదు. లిఫ్టులు అప్పటిదాకా ఆగాల్సిందే."

"హెమటోమా?"

"కోసినచోట లోపల రక్తం చేరి ఉబ్బడం. చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఉబ్బు పెరుగుతుంటే మాత్రం వెంటనే మాకు చెప్పాలి."

ఆయన ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటూ పోయాడు. చివరి వరుస దగ్గర నర్సమ్మ ఆగిపోయింది. కాగితం నావైపు తిప్పింది. "చాలా అరుదుగా ప్రాణాపాయం" అన్న మాట పక్కన ఆయన రాత: "అలా జరిగితే మా ఆవిడకి ఎవరు చెప్తారు? ఎలా చెప్తారు?"

నా కోపం ఎటు పోయిందో తెలీదు. ముప్పై ఏళ్లలో ఈ మనిషి నా గురించి ఒక్క ముక్క రాయడం అదే మొదలు. ఏడుపొచ్చేసింది.

"డాక్టరుగారే వచ్చి, పిన్నిని కూర్చోబెట్టి, ఇలాంటి పేర్లేవీ లేకుండా చెప్తారు" అంది నర్సమ్మ. "కానీ నేనీ వార్డుకొచ్చి ఆరేళ్లు. ఈ ఆపరేషన్‌కి అలా చెప్పాల్సిన రోజు ఒక్కటీ రాలేదు."

"భయంగా ఉందా?" అని ఆయన్నడిగాను.

"ఉంది. నీకు?"

"నాకూను."

ఆయన సంతకం పెట్టి, పెన్ను నా చేతికిచ్చాడు. "సాక్షి సంతకం నీది. చదివి పెట్టు. అర్థం కాకపోతే అడుగు."

మొదటినుంచి చివరిదాకా చదివాను. అన్నీ అర్థమయ్యాయి. ఆ ఆఖరి ప్రశ్న కింద, "ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. మనిషిని ఇంటికి తీసుకెళ్తాను" అని రాసి, సంతకం పెట్టాను.