గొంతు పెంచే మనిషి

మైకు హారన్ లోపల పేరుకున్న దుమ్మును బసవయ్య పాత బనియన్ ముక్కతో తుడుస్తున్నాడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, కుండ లోపల తోమినట్టు గుండ్రంగా తిప్పుతున్నాడు. నాలుగు హారన్లలో ఇది మూడోది. ఎప్పుడో ఒక ఊరేగింపులో ఆటో మీంచి పడి దీని అంచు సొట్టపోయింది. ఈ సొట్ట హారన్‌ను ఆయన ఆడవాళ్లు కూర్చునే వైపు ఎన్నడూ కట్టడు. కీచుమంటుంది, ఒళ్లో పసిపిల్లలు ఉలిక్కిపడతారు.

దబీర్‌పురా స్టేషన్‌కు పోయే సందులో రజాక్ సౌండ్ దుకాణం. రైలు పోయినప్పుడల్లా గోడకు వేలాడే వైరు చుట్టలు కదులుతాయి. నలభై ఏళ్లుగా ఆ చుట్టల కింద కూర్చుని పని చేస్తున్నాడు బసవయ్య. ఇప్పుడు అరవై నాలుగు. బక్కపలచని మనిషి. వైర్ల పైతొడుగును పంటితోనే ఒలిచే అలవాటువల్ల ముందు పన్ను ఒకటి విరిగి వాలుగా ఉంటుంది. కుడి బొటనవేలు, చూపుడువేలు ఎవరివో తెచ్చి అతికించినట్టు నల్లగా, గట్టిగా ఉంటాయి. మెడకు ఎడమవైపు ఒక నరం. మాట్లాడబోతే అది తాడులా ఉబ్బుతుంది. ఆయనకు నత్తి.

పదిమందికి మైకు పెట్టేవాడికి నత్తి ఏమిటని మొదట్లో అందరూ నవ్వారు. రజాక్ మాత్రం "మైకుకు నోరుంది గద భాయ్, మళ్లా మనిషికెందుకు?" అని పనిలో పెట్టుకున్నాడు. మిగతావాళ్లు హలో, హలో అంటూ మైకును పరీక్షిస్తారు. బసవయ్య వేలితో మూడుసార్లు తడతాడు. టక్, టక్, టక్. తను ఉండే జహనుమాలో ఆ చప్పుడు వినబడితే వంటింట్లో ఉన్న ఆడవాళ్లు కూడా బసవయ్య వచ్చాడని తెలుసుకుంటారు.

"ఏంది, ఎడమ భుజం పట్టుకుంటున్నవ్?" రజాక్ అడిగాడు.

"పొ... పొద్దుగాల సంది..."

"గుంజుతుందా? పా, దవాఖానకు పోదాం. మీటింగ్ నేను చూస్కుంట."

బసవయ్య తల అడ్డంగా ఊపాడు. ఈ రోజు మీటింగును వదిలేది లేదు. కార్పొరేషన్ ఎన్నికల్లో ఆయన వార్డుకు పార్టీ ఎవరిని నిలబెట్టాలో ఈ సాయంత్రం తేలుతుంది. ఇద్దరున్నారు. ఇద్దరినీ జనం ముందు మాట్లాడించి, ఇక్కడి పార్టీ పెద్ద వెంకటనారాయణ సేటు ఒక పేరు పైకి పంపుతాడు. సేటుకు బేగంబజార్‌లో గిన్నెల దుకాణం ఉంది, ఒక వింత అలవాటూ ఉంది. సభ అయ్యాక ఆయన నాయకులను అడగడు. వేదిక వెనక కూర్చున్న బసవయ్యను అడుగుతాడు. "గిన్నె కొనెటోడు కొట్టి చూస్తడు. నేను బసవయ్యను అడుగుత" అంటాడు. వేదిక మీదివాడికి చప్పట్లే వినిపిస్తాయి. వెనక ఉన్నవాడికి మొహాలు కనిపిస్తాయి.

"ఎవరి పేరు జెప్తవ్? నిఖిలేషే గద?" అన్నాడు రజాక్.

బసవయ్య తల ఊపాడు. ఇతరులు ముగించిన మాటకు తల ఊపడం ఆయనకు ఊపిరి తీసుకోవడంలాంటిది. అయినా ఇది వట్టి అలవాటు కాదు. నాయకుడికి నోరుండాలని ఆయనకు వరద నేర్పింది.

కొన్నేళ్ల కిందటి పెద్ద వానకు నాలా పొంగి ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. భార్య కృష్ణమ్మ ఆయాసంతో మంచం మీద ఉంది. ఆయన సాయం కోసం ఫోన్ చేశాడు. "ఎక్కడి నుంచి?" అని అవతల ఎవరో అడిగారు. "జ..." అనేసరికి నరం ఉబ్బింది. హలో, హలో అని పెట్టేశారు. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ ఆ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. "జహనుమా అను, జహనుమా అను" అని కృష్ణమ్మ అంటూనే ఉంది కానీ ఆమె గొంతు మంచం దాటలేదు. ఆయన మాటలను తప్పులేకుండా ముగించగలిగిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. పడవ వచ్చేసరికి ఆమె లేదు. ఆ రోజు పక్కన నోరున్నవాడు ఒక్కడుంటే చాలని ఆయన చాలాసార్లు అనుకున్నాడు.

మధ్యాహ్నానికి జహనుమాలో బడి ముందున్న ఖాళీ జాగాలో వేదిక లేచింది. బసవయ్య నిచ్చెన ఎక్కి స్తంభానికి హారన్ కడుతుంటే నిఖిలేష్ వచ్చాడు. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తాడు. ఇత్తడి బిందెలో నీళ్లు పోసినట్టుంటుంది ఆయన గొంతు. ఈ సందుకు వీధిదీపాలు ఆయన కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి వాదిస్తేనే వచ్చాయి.

"బాగున్నవా కాకా?"

బసవయ్య నిచ్చెన దిగి బడి వెనకవైపు చెయ్యి చూపించాడు. "బ... బడి ఎన్క..."

"అటు గూడ ఒక హారన్ పెడ్తవా? పెట్టు కాకా, మస్తుగుంటది!" భుజం తట్టి, నవ్వి, ఎవరో పిలిస్తే అటు వెళ్లాడు.

బసవయ్య తల ఊపాడు. ఆయన చెప్పబోయింది హారన్ గురించి కాదు. బడి వెనక నాలా మూత పగిలి నెలయింది. వానొచ్చి నీళ్లు నిలిస్తే ఆ గొయ్యి కనిపించదు. పిల్లలు తిరిగే దారి.

మైకుకు కట్టే రుమాలు కోసం స్వరూప కుట్టుదుకాణానికి వెళ్లాడు. గాలికి మైకు బుసకొట్టకుండా ఆయన దానికి పల్చటి గుడ్డ కడతాడు. కృష్ణమ్మ పసుపు చీర కొంగులోంచి కోసిన గుడ్డ అది. అంచులు పీచులు లేస్తే కుట్టమని ఇచ్చాడు.

స్వరూప రెండో అభ్యర్థి. నలభై దాటిన మనిషి, మెడలో ఎప్పుడూ కొలత టేపు. జాకెట్లకు వచ్చిన ఆడవాళ్లు రేషన్ కార్డులు, పింఛను కాగితాలు కూడా తెచ్చేవారు. వాళ్లే పట్టుబట్టి ఆమె పేరు ఇచ్చారు.

"కాకా, నాతోని గాదు" అంది రుమాలు ఇస్తూ. "సార్ ముంగట నేనేం మాట్లాడుత? నవ్వుతరు."

"కా..."

ఆమె తిరుగుతున్న మిషన్ చక్రం మీద అరచెయ్యి పెట్టి ఆపింది. ఆయన వైపు తిరిగి కూర్చుంది. ఎప్పుడూ అంతే. పోయిన వారం నాలా మూత సంగతి ఇక్కడే చెప్పాడు. చెప్పడం అయ్యేసరికి తెప్పించిన చాయ్ మీద మీగడ కట్టింది. అర్థమైందని మధ్యలో అనలేదు, మాట అందించలేదు, పెదవులు కూడా కదపలేదు.

"కా... కాగితం మీద... రాసుకో."

"రాసిన. చదువుడు గూడ రాదేమోనని ఫికర్."

అయిదింటికి జనం వచ్చారు. బసవయ్య మైకుకు పసుపు రుమాలు చుట్టి, మూడుసార్లు తట్టి, వెనక్కి వెళ్లి పెట్టె మీద కూర్చున్నాడు. భుజం నొప్పి మోచేతిలోకి దిగింది. బొటనవేలు ఆంప్లిఫయర్ గుండీ మీద ఉంచాడు.

నిఖిలేష్ గొప్పగా మాట్లాడాడు. గుండీతో పనే పడలేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు దించాలో ఆయనకు తెలుసు. వరద గురించి చెప్తుంటే ముందు వరసలో ఒక ముసలామె కళ్లు తుడుచుకుంది. బసవయ్య కూడా తెలియకుండానే ముందుకు వంగాడు. మంచి మాట వింటే ఆయనకు ఇప్పటికీ అలాగే అవుతుంది, తనకు లేని తిండి పక్కింట్లో వండుతున్న వాసన వచ్చినట్టు. జనం తలలన్నీ వేదిక వైపే, పూలకుండీల్లా వరసగా. ఇంతలో మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ మొదలైంది. బసవయ్య గుండీ తగ్గించాడు. నిఖిలేష్ చేతులు కట్టుకుని ఆగాడు. అజాన్ అయ్యాక రెండు మాటలతో ముగిస్తే చప్పట్లు చాలాసేపు మోగాయి.

స్వరూప లేచింది. కాగితం మడత విప్పుతున్న చప్పుడు ముందు వినిపించింది. బసవయ్య గుండీని ఎంతవరకు తిప్పవచ్చో అంతవరకు తిప్పాడు. నమస్తే కూడా చెప్పకుండా ఆమె చదవడం మొదలుపెట్టింది.

"మూడో గల్లీ మహబూబ్ బీ, పింఛను ఏడు నెలల సంది వస్తలేదు. జైనబ్ ఇంటి ముంగట నల్లా నీళ్లు వాసనొస్తున్నయ్..."

వెనక ఎవరో "టైలరమ్మ కొలతలు చదువుతుందిరో!" అన్నారు. నవ్వులు. ఆమె తల ఎత్తలేదు.

"బడి ఎన్క నాలా మూత పగిలింది. వానొస్తే కనబడదు. పిల్లలు పడ్తరు. బసవయ్య కాక చెప్పిండు."

బసవయ్య బొటనవేలు గుండీ మీదే ఆగిపోయింది. తను చెప్పిన మాట. మొదటినుంచి చివరిదాకా, ఎక్కడా తెగకుండా, తను కట్టిన నాలుగు హారన్లలోంచి బడి గోడకు తగిలి తిరిగొచ్చింది. నలుగురైదుగురు మెడలు సాచి వేదిక వెనక ఉన్న ఆయనను చూశారు. అప్పుడు గమనించాడు. ఒక్కో పేరుకు జనం తలలు ఒక్కో వైపు తిరుగుతున్నాయి. మహబూబ్ బీ ఎక్కడని వెతుకుతున్నారు. ఏడు నెలలా అని ఆమెనే అడుగుతున్నారు. వేదికను ఎవరూ చూడటం లేదు.

కాగితం అయిపోగానే ఆమె కూర్చుంది. చప్పట్లు కొద్దిగా వచ్చాయి.

సభ ముగిశాక సేటు వేదిక వెనక్కి వచ్చాడు. చేతిలో ఫోన్ మోగుతోంది. "ఏం బసవయ్య? నిఖిలేషే గద?"

బసవయ్య నోరు తెరిచాడు. నరం ఉబ్బింది. ఈలోగా నలభై ఏళ్ల అలవాటున్న మెడ తనంతట తానే ఊగింది.

"నేననుకున్న" అని సేటు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కారు వైపు నడిచాడు.

బసవయ్య లేచాడు. పిలవాలనుకున్నాడు. "సే..." దగ్గరే ఆగింది. కృష్ణమ్మ మంచం మీంచి చూస్తున్నట్టనిపించింది. సేటు కారు తలుపు తీశాడు. బసవయ్య వేదిక ఎక్కి మైకు దగ్గరికి వెళ్లి వేలితో తట్టాడు.

టక్. టక్. టక్.

ఖాళీ కుర్చీల మీద ఆ చప్పుడు పెద్దగా పడింది. సేటు వెనక్కి తిరిగాడు. కాసేపు చూసి, ఫోన్ జేబులో వేసుకుని వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని వేదిక వెనక పెట్టె మీద కూర్చోబెట్టాడు. "చెమటలు పడ్తున్నయేంది? చెప్పు."

"ని... నిఖిలేష్... గాదు."

"స్వరూపనా? నోరు లేనిదాన్ని నిలబెడ్తే ఓడిపోమా?"

"ఓ... ఓడొచ్చు."

సేటు నవ్వాడు. "నలభై ఏండ్ల సంది మైకు పెడ్తున్నవ్. నోరు ముఖ్యం గాదంటవా?"

"ము... ముఖ్యమే." బసవయ్య ఆంప్లిఫయర్ గుండీని చూపించాడు. నరం ఉబ్బి, దిగి, మళ్లీ ఉబ్బింది. సేటు ఒకసారి పెదవులు కదిపి, ఆపుకున్నాడు. "గొంతు... నేను పెంచుత. చె... చెవి... పెంచనీకె... గుండీ లేదు."

సేటు ఆ గుండీ వైపు చూశాడు. తర్వాత "సరే, స్వరూప పేరే పంపుత. ఓడితే నిన్నే అడుగుత" అని, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి లేచి వెళ్లాడు.

రజాక్ రెండు హారన్లు దింపి ఆటో దగ్గరికి మోసుకుపోయాడు. స్వరూప వెళ్లిపోలేదు. దింపిన హారన్ల వైరు చివర పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతుంటే బసవయ్య పెట్టె మీద కూర్చుని అరచేతికీ మోచేతికీ మధ్య చుడుతున్నాడు. ఇన్నేళ్లలో వేదిక ఎక్కి మాట్లాడినవాళ్లెవరూ వైరు చుట్టేదాకా ఉండలేదు.

"సేటుకు ఏం జెప్పినవ్ కాకా? నన్ను వద్దనమన్నవా?" అడిగిందామె. "నిజం జెప్పు, నాకేం బాధ లేదు."

"నీ... నీ..."

నరం ఉబ్బింది. స్వరూప వైరు వదలడం ఆపింది. ఆయన వైపు తిరిగి నిలబడింది. చుట్ట ఉన్న చెయ్యి ఒళ్లోకి దిగింది. నరం మెల్లగా సద్దుమణిగింది. తర్వాతి మాటకు ముందు అది ఎప్పుడూ అలాగే దిగుతుందని ఆమెకు తెలుసు. ఈసారి అది మళ్లీ ఉబ్బలేదు. బడి ముందు చాయ్ బండి మీద దీపం వెలిగింది. దబీర్‌పురా వైపు రైలు ఒకటి కూసి వెళ్లిపోయింది.

రజాక్ తిరిగొచ్చాడు. "ఏంది బసవా, కూసున్నవ్? లే, మిగిలినయి దించాలె."

స్వరూప చెయ్యి ఎత్తి ఆయనను ఆపింది. "ఆగు భాయ్" అంది మెల్లగా. "చెప్తుండు."

వేదిక మీద మైకును ఎవరూ ఆపలేదు. గాలికి దాని మీది పసుపు రుమాలు కదిలినప్పుడల్లా, స్తంభానికి మిగిలిన రెండు హారన్లలోంచి చిన్న అలికిడి వినిపిస్తోంది.