అంకె లోపలికి

ఇనుము ఎత్తేవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో చాదస్తం. ఒకాయన ఎడమకాలి బూటు ముందు తొడిగితే గానీ బరువు ముట్టడు. ఇంకొకాయన బరువులు తగిలించిన బార్ చుట్టూ మూడుసార్లు తిరిగి, దానితో ఏదో గొణిగి, అప్పుడు వంగుతాడు. వదిన చాదస్తం వీళ్లందర్నీ తలదన్నేది. ఆవిడ తన బరువు తాను ఎక్కించుకోదు. బార్‌కి వీపు తిప్పి గోడవైపు నిలబడుతుంది. వెనక ప్లేట్లు ఎక్కించే పని ఆడపడుచుది, అంటే మన టైలరమ్మది. ప్లేటు మీద అంకె ఉన్న ముఖం లోపలికి ఉండాలి, బయటికి కనిపించిందంటే ఆ సాయంత్రమంతా సణుగుడే.

"అంకె చూస్తే నడుం ముందే భయపడి చస్తుందే," అనేది వదిన.

ఎత్తి దింపాక టైలరమ్మ "ఎంతుంది?" అని అడగాలి. వదిన తన ఒంటికి ఎంత తోచిందో అంత చెప్పాలి. తర్వాత టైలరమ్మ వంతు, అప్పుడు ఎక్కించేది వదిన. పద్దెనిమిదేళ్లుగా ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఇదే తంతు. ఆ జిమ్ కూడా ఏమంత గొప్పది కాదు. చెప్పుల దుకాణం కింద నేలమాళిగ. చెయ్యెత్తితే కప్పుకి తగిలేలా ఉంటుంది. ఫ్యాను తిరిగినంతసేపూ కిర్రుమంటుంది, ఆగితే ఉక్కపోత. నడిపే మాస్టారు మాత్రం మంచివాడు, అడిగితే తప్ప సలహా చెప్పడు.

వదినకి అరవై రెండు. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎంతమందిని మార్చిందో లెక్కలేదు. జిమ్‌లో చేరిందే ఆ పనిలో నడుం విరగకుండా ఉండటానికి. చేరిన కొత్తలోనే మాస్టారి ముందు ఒట్టు పెట్టుకుంది. "అరవై కిలోలంటే ఒక మనిషి మాస్టారూ. మనిషిని లేపలేని రోజున ఈ నడుం బెల్టు అటక మీద పడేస్తా. మళ్లీ ఈ మెట్లు దిగను."

ఆవిడ ఒట్టు వేసిందంటే వేసిందే. పదకొండేళ్ల కిందట ఏదో కోపంలో కాఫీ తాగనని ఒట్టేసింది. కోపం ఎవరి మీదో ఆవిడకే గుర్తులేదు గానీ, ఇప్పటికీ కాఫీ వాసన వస్తే ముక్కు మూసుకుని అవతలి గదిలోకి పోతుంది. అంత మొండిఘటం.

పోయినేడు వదిన కుడి మోకాలు మొరాయించింది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, గుజ్జు అరిగిపోయిందన్నాడు. వ్యాయామాలు నేర్పే ఫిజియో అమ్మాయి మాత్రం చక్కగా, నిదానంగా చెప్పింది. "మానక్కర్లేదమ్మా. అసలు మానేస్తేనే కీళ్లు బిగుసుకుపోతాయి. కాస్త బరువు తగ్గించుకుని చేసుకోండి, చాలు." టైలరమ్మ పక్కనే కూర్చుని విన్నది. వదిన సగమే చెవిన వేసుకుంది.

"తగ్గించుకోవడమంటే ఏంటనుకున్నావ్? మానెయ్యడానికి పెట్టిన ముద్దుపేరు," అంది బయటికొచ్చాక.

ఏడు నెలల కిందట ఒక మంగళవారం, అరవై కిలోల బార్ పిక్కల దాకా లేచి ఆగిపోయింది. వదిన మోకాల్లో ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. బార్ వదిలేసి బల్ల మీద కూలబడింది. అరవలేదు, తిట్టలేదు. నడుముకున్న బెల్టు విప్పి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. "శుక్రవారం ఇంకొక్కసారి చూస్తానే. లేవకపోతే..." అని ఆపేసింది.

ఆ ఆపెయ్యడానికే టైలరమ్మ గుండెల్లో రాయి పడింది. ఈవిడ మెట్లు దిగనంటే ఇక దిగదు. మొన్నటిదాకా వార్డంతా ఒంటిచేత్తో నడిపిన మనిషి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మోకాలికి ఆయింట్‌మెంట్ రాసుకుంటూ ఉంటుందా? ఆ మాట అనుకోవడానికే ఆమెకి ఏడుపొచ్చింది. చెప్పొద్దూ, ఇందులో స్వార్థమూ ఉంది. టైలరమ్మకీ యాభై ఐదు నిండాయి. ఏళ్ల తరబడి కత్తెర పట్టీ పట్టీ కుడిభుజం పట్టేసింది, చలిరోజుల్లో పై అరలో డబ్బా అందుకోవాలంటే ప్రాణం పోతుంది. వదిన వెనకబడి తిట్టకపోతే ఆమె ఎప్పుడో మానేసేది.

అందుకని ఆ శుక్రవారం ఒక పని చేసింది. ఆ జిమ్‌లో ఇరవై కిలోల ప్లేటూ, పదిహేను కిలోల ప్లేటూ ఒకే ఎత్తు. రెండూ నల్ల రబ్బరువే, మందంలోనే కాస్త తేడా. అంకె ఒక ముఖం మీదే ఉంటుంది. బార్ బరువు ఇరవై, చెరోపక్కా ఇరవై వేస్తే అరవై. టైలరమ్మ చెరోపక్కా పదిహేను వేసింది, అంకె లోపలికి తిప్పి. మొత్తం యాభై. మాస్టారు స్టూలు మీంచి చూశాడు. చూసి, అవసరం లేకపోయినా లేచి వెళ్లి ఫ్యాను స్విచ్చి సవరించాడు.

వదిన వంగింది. పళ్లు బిగించి ఎత్తింది. మోకాలు కలుక్కుమంటుంటే కళ్లు మూసుకుని నిలబడి, దింపింది.

"ఎంతుంది?" అంది టైలరమ్మ.

"ఎంతుంటుంది? అరవై! చచ్చీచెడీ అరవై," అంది వదిన. ఆ ముఖంలో వెలుగు చూస్తే టైలరమ్మకి తను చేసింది తప్పని అనిపించనేలేదు.

అలా ఏడు నెలలు గడిచాయి. విచిత్రం ఏమిటంటే వదిన ఒక్కనాడైనా "ఇవాళ తేలిగ్గా ఉందే" అనలేదు. ఎప్పుడడిగినా అరవయ్యే అనేది. ఎప్పుడన్నా వాన పడి మోకాలు మరీ సతాయిస్తే అరవై రెండనేది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. మొన్న మంగళవారం వదిన మెట్లు దిగుతూనే ఒక కాగితం ఊపింది. టౌన్‌హాల్లో అరవై ఏళ్లు దాటినవాళ్లకి బరువులెత్తే పోటీ, వచ్చే ఆదివారం కాక పై ఆదివారం. "పేరిచ్చేశానే! మొదటి బరువు ఎంతని అడిగారు. అరవై రాయండన్నాను!"

అక్కడ బరువు ఎక్కించేది ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్లు. అంకె బయటికే ఉంటుంది, పైగా మైకులో చెప్తారు. నిజం అరవై లేవదు, అందరి ముందూ బార్ నేలకి అతుక్కుపోయి ఉంటుంది. లేదా ఈవిడ మొండితనానికి లేస్తుంది, మోకాలు పోతుంది. రెంటిలో ఏది జరిగినా బెల్టు అటకెక్కుతుంది.

బుధ, గురువారాలు టైలరమ్మ షాపులో కూర్చుంది గానీ మనసు మనసులో లేదు. ఒక చొక్కాకి రెండూ ఎడమచేతులే కత్తిరించి కుట్టేసింది. ముప్ఫై ఏళ్ల పనిలో అలాంటిది ఎన్నడూ జరగలేదు. ఆ చొక్కాయన వేసుకుని చూసి, "నాకు రెండు చేతులూ ఎడమవేనా అమ్మా?" అన్నాడు పాపం.

శుక్రవారం వదిన మంచి హుషారు మీద ఉంది. గోడవైపు తిరిగి నిలబడి మాస్టారితో పోటీకి ఏ రంగు బనీను వేసుకోవాలో మాట్లాడుతోంది. టైలరమ్మ ఎప్పటిలాగే ఎక్కించింది. వదిన ఎత్తింది, ఒకటి కాదు, రెండుసార్లు. దింపి, పట్టు జారకుండా చేతులకి పూసుకున్న సుద్ద దులుపుకుని, అడగకముందే "అరవై!" అంది.

టైలరమ్మ చెబుదామనే నోరు తెరిచింది. చెప్పే బదులు బార్ చివర క్లిప్పు తీసి, ఒక ప్లేటు లాగి, అంకె పైకి వచ్చేలా వదిన కాళ్ల దగ్గర పెట్టింది.

పదిహేను.

వదిన ఆ ప్లేటు వైపు చూసింది. రెండో పక్కకి నడిచి, వంగి, వేళ్లతో తడిమి ఆ ప్లేటు లోపలి ముఖం కూడా చూసుకుంది.

"ఎప్పట్నించే?"

"ఏడు నెలలైంది వదినా."

"మాస్టారికి తెలుసా?"

మాస్టారు నేల చూపులు చూశాడు.

"ముప్ఫై ఏళ్లు మంచాల మీద ఉన్నవాళ్లకి నేను చెప్పాను ఈ మాటలు," అంది వదిన. అరవకుండా అన్నది, అదే భయంగా ఉంది. "ఏం ఫర్లేదు, బాగానే ఉన్నావ్, బాగా చేశావ్ అని. ఎవరికి చెప్తామో, ఎందుకు చెప్తామో నాకు తెలుసు. నన్ను పేషెంటుని చేసి కూర్చోబెట్టావు కదే."

"మానేస్తావని భయమేసింది వదినా."

"మానేస్తే మానేసేదాన్ని. అది నా చావు. నీకెందుకే ఈ ఆడపడుచు పెత్తనం?"

బెల్టు చుట్టి సంచీలో పడేసుకుని, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్లిపోయింది. టైలరమ్మ అక్కడే రబ్బరు పట్టా మీద కూర్చుని ఏడ్చింది. మాస్టారు మంచినీళ్ల సీసా పక్కన పెట్టి, ప్లేట్లు సర్దుకున్నాడు.

శనివారం ఫోన్ చేస్తే వదిన ఎత్తలేదు. ఆదివారమూ ఎత్తలేదు. సోమవారం పొద్దున్నే అన్నయ్య ప్యాంటు అంచు కుట్టించుకునే వంకతో షాపుకొచ్చాడు. ప్యాంటు అంచుకి ఏ రోగమూ లేదు.

"ఏం చేశావే మీ వదినని? మూడ్రోజులుగా ఇంట్లో బీరువాలు జరుపుతోంది. రాత్రి నేను పడుకున్న మంచం పొద్దున లేచేసరికి ఇంకో గోడకుంది!"

"మోకాలు?"

"కుంటుతోంది. కుంటుతూనే జరుపుతోంది. అడిగితే, లెక్క చూసుకుంటున్నా అంటోంది. ఏం లెక్కో ఏమో!"

మంగళవారం ఐదింటికి టైలరమ్మ కాళ్లీడ్చుకుంటూ జిమ్‌కి వెళ్లింది. వదిన రాదనే అనుకుంది. ఐదున్నరకి మెట్ల మీద బరువుగా ఒక అడుగు, తేలిగ్గా ఒక అడుగు వినిపించింది. వదినే. బెల్టు నడుముకే ఉంది. వచ్చి బల్ల మీద కూర్చుని మోకాలు చాపుకుంది.

"వార్డులో ఒక ముసలామె ఉండేది," అంది టైలరమ్మ ముఖం చూడకుండా. "కాటాలో నలభై ఎనిమిది కిలోలు. భయంతో బిగుసుకుపోయేది, లేపాలంటే ఇద్దరం పట్టినా చాలేది కాదు. ఎనభై కిలోల డ్రైవరొకడు ఉండేవాడు, నా మెడ చుట్టూ చెయ్యేసి వాడే సగం లేచేవాడు. కాటా అంకెతో నేను ఎవర్నీ లేపలేదే, ఏనాడూ. అట్లాంటిది నా మటుకు నేను అంకె పట్టుకుని కూర్చున్నాను, మతిలేనిదాన్ని."

టైలరమ్మ వచ్చి బల్ల మీద ఆవిడ పక్కనే కూర్చుంది.

"పోటీవాళ్లకి ఫోన్ చేసి మొదటి బరువు యాభై అని మార్పించాను. అలా చూడకు. లే, ఎక్కించు. పదిహేనులే. అంకె బయటికి పెట్టు."

వదిన అలవాటు కొద్దీ గోడవైపు తిరిగింది. టైలరమ్మ చెరోపక్కా పదిహేను వేసి, అంకె బయటికి తిప్పి, క్లిప్పులు బిగించింది. మధ్యలో ఆగి అడిగింది.

"వదినా, నా బార్ మీద ఇన్నాళ్లూ..."

"నీకు నిజమే ఎక్కించా. నీ మీద నాకంత ప్రేమ లేదు."

మాస్టారు నవ్వు దాచుకోవడానికి ఫ్యాను వైపు తిరిగాడు. వదిన వెనక్కి తిరిగి వచ్చింది. రెండువైపులా ఉన్న అంకెలు నింపాదిగా చదువుకుంది. వంగింది. మోకాలు కలుక్కుమంది, అది టైలరమ్మకీ వినిపించింది. వదిన ముఖం చిట్లించింది గానీ కళ్లు మూసుకోలేదు. బార్ పిక్కలు దాటింది, మోకాళ్లు దాటింది, ఆవిడ నిటారుగా నిలబడింది. నిలబడి, తొందరపడకుండా దింపింది.

"ఎంతుంది?" అంది టైలరమ్మ.

వదిన ఊపిరి తీసుకుంటూ చేతులు దులుపుకుంది.

"అరవై ఒకటి," అంది. "ఆ ఒకటీ నీ మీద కోపం."