మోకాలి కోసం గంట ప్రార్థన

మా అమ్మాయి లాంగ్ జంప్ దూకుతుంది. ఏడాదిగా దాని ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పి. ఒకరోజు తగ్గినట్టే ఉంటుంది, మర్నాడు మెట్లు దిగుతుంటే మళ్ళీ మొదలు. వానలు వెనకబట్టాక జట్టు ఎంపిక. ఈసారి తప్పితే దాని వయసు వాళ్ళతో ఇక దూకే అవకాశం లేదు.

కోచ్ గంతులు సగానికి తగ్గించాడు. ఫిజియో తొడకు బలం వచ్చే వ్యాయామాలు చెప్పింది. పిల్ల ఒక్కటీ మానలేదు. నొప్పి మాత్రం ఇల్లరికపుటల్లుడిలా స్థిరపడిపోయింది.

ఇక మా ఆయన రంగంలోకి దిగారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు, మిగతా లోకాన్ని దేవుడికి వదిలేస్తారు. పావుగంట సాగే పొద్దుటి ప్రార్థనను ఈ మోకాలి కోసం గంటకు పెంచారు. అందరం గచ్చు మీద మోకరిల్లాలి. చాప వేస్తానంటే, మెత్తగా అడిగితే దేవుడికి వినిపించదన్నారు. మా అత్తగారికి మాత్రం కుర్చీ. మోకాలిని చేసినవాడికే దాని గురించి గంటసేపు వివరించాలా అని నాకు సందేహం వచ్చింది. పైకి అనలేదు. నేనూ నమ్మినదాన్నే.

కొన్ని వారాలకు ఫిజియో మోకాలు నొక్కి చూసి మొహం చిట్లించింది. నొప్పి పెరిగింది. ఇంట్లో ఏం చేస్తోందని అడిగింది. పిల్ల గోడవైపు చూసింది. మా ఆయనే ఛాతీ విరుచుకుని అంతా చెప్పారు.

"అంటే, ఈ మోకాలు బాగుపడాలని రోజూ దీన్నే నేలకేసి నొక్కుతున్నారా సార్?"

"భక్తితోనే అండీ."

"మోకాలికి ఆ తేడా తెలీదండీ."

లిఫ్టులో ఎంతమంది ఎక్కొచ్చో లోపల రాసి ఉంటుంది కదా, దీనికీ అలాంటి హద్దే ఉందనీ, గంతులూ మెట్లూ మోకరిల్లడమూ అన్నీ కలిపే ఆ బరువనీ విడమరిచి చెప్పింది. తన పని భాషలోనే తిట్టు పడేసరికి మా ఆయన విరిచిన ఛాతీ కాస్త దించారు.

బస్టాపులో మెల్లగా అడిగారు. "నొప్పెడుతోందని చెప్పొచ్చు కదే?"

"చెబితే నాకు నమ్మకం లేదనుకుంటావు నాన్నా. నీకు నేనెక్కువో ఆ గంటెక్కువో తేలిపోతుందని భయమేసింది."

మర్నాడు ఆయన నిలబడి ప్రార్థించారు, అదీ పావుగంటే. దేవుడికి కోపం రాదా అని మా అత్తగారు సణిగింది. వస్తే తన మీదే రానిమ్మన్నారు. మిగిలిన సేపు పిల్ల గోడకు వీపు ఆనించి వ్యాయామం చేస్తుంటే, గడియారం చూస్తూ పక్కనే నిలబడ్డారు.

వానలు తగ్గేసరికి నొప్పి పోలేదు గానీ, లొంగింది. ఎంపిక రోజు పిల్ల రెండుసార్లు బాగానే దూకింది. మూడోసారికి ముందు మోకాలు సలుపుతోందని చెయ్యెత్తి పక్కకు వచ్చేసింది. కోచ్ పరుగున మా దగ్గరికి వచ్చాడు.

"ఒక్కటే మిగిలింది, దూకమనండి. లేకపోతే చోటు పోవచ్చు."

"పోతే పోనివ్వండి, దూకదు," అన్నారు మా ఆయన, దేవుణ్ణి కూడా అడక్కుండా.

జట్టులో ఆఖరి చోటు మా అమ్మాయికే దక్కింది. ఇందులో దేవుడి వాటా ఎంతో ఆయన ఇంకా తేల్చుకోలేదు.