వదులు అనేదాకా

"తొక్కు" అన్నాడు ఆయన బండి వెనక నుంచి.

ఆమె తొక్కింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారికి పెడల్ పాదం కింద కాస్త గట్టిపడింది.

"పట్టు."

"పట్టా."

వెనక ఎడమ చక్రం దగ్గర ఆయన స్పానరుతో, గాలి బయటికి పోయే నిపుల్‌ని అర చుట్టు వదులు చేశాడు. ఆమె కాలి కింద పెడల్ మెల్లగా కుంగుతూ పోయి నేలకి ఆనింది. సన్నగొట్టంలోంచి బ్రేక్ ఆయిలు బుడగలు కక్కుకుంటూ సీసాలోకి దిగుతోందని ఆమెకు చూడకుండానే తెలుసు. నాలుగంకెలు లెక్కపెట్టేలోగా నిపుల్ మళ్ళీ బిగిసింది.

"వదులు."

వదిలింది.

ఇరవై ఆరేళ్ళుగా వాళ్ళ కాపురమంతా ఈ నాలుగు ముక్కల మీదే నడిచింది. మొగుడూ పెళ్ళాలకి మాట్లాడుకోవడానికి ఇంకేమీ లేదా అని ఎవరైనా అడిగితే, నిజం చెప్పాలంటే పెద్దగా లేదు. ఆయన పుట్టుకతోనే పొదుపరి, మాటల విషయంలో మరీను. బ్రేకు పైపుల్లో గాలి చేరితే పెడల్ స్పాంజిలా మెత్తబడుతుంది. ఆ గాలిని తరమడానికి ఒకరు పెడల్ దగ్గరా ఒకరు చక్రం దగ్గరా ఉండాలి. ఆమె పెడల్ దగ్గర ఉంటుంది. పెళ్ళయిన ఏడాది మొదటిసారి కూర్చోబెట్టినప్పుడు కాలు అందక వీపు వెనక దిండు పెట్టుకుంది. ఆ దిండుకి ఇప్పటికి ఆరు గలేబులు మారాయి. వీధిలోవాళ్ళు ఆమెని బ్రేకమ్మ అంటారు. మొదట్లో ఉక్రోషపడేది, తర్వాత అదే పేరయి కూర్చుంది.

ఈ పికప్ బండి ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోస్తుంది. రెండుసార్లు తొక్కితే గానీ ఆగడం లేదని నిన్న సాయంత్రం ఓనరు తెచ్చి షెడ్డులో వదిలాడు. రేపు మంచాలూ బీరువాలూ వేసుకుని వంపు రోడ్డు దిగాలట. ముందు సీట్లో అతని పెళ్ళాం, చంటిబిడ్డ. ఆయన పొద్దుటి నుంచీ చక్రాలూడదీసి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, అరిగిపోయిన బ్రేకు షూలు మార్చి, వెనక కారుతున్న సిలిండరు తీసి కొత్తది వేశాడు. మిగిలింది గాలి తీయడమే.

ఆ పనికి ఒక వరస ఉంది. దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. ముందు వెనక ఎడమ, తర్వాత వెనక కుడి, ఆ తర్వాత ముందు ఎడమ, చివరికి డ్రైవరు తలుపు కింద ఉన్నది. ఒక్కో చక్రానికీ ఆయన గొంతు ఆమెకి దగ్గరవుతూ వస్తుంది. నాలుగోదానికొచ్చేసరికి ఊపిరి కూడా వినపడుతుంది. ఆమెకి ఈ పనిలో ఇష్టమైనదేదైనా ఉంటే అదొక్కటే. ఈ సంగతి ఆయనకెప్పుడూ చెప్పలేదు, చెప్పాలనీ తోచలేదు.

చెప్పనిది ఇంకోటి కూడా ఉంది. ఆరు నెలలుగా కుడిమోకాలు బాగా లేదు. పెడల్ అడుగంటినప్పుడు కాలు పూర్తిగా చాపి అలాగే అదిమి పట్టాలి. అప్పుడు మోకాటి చిప్ప వెనక ఎవరో సూదితో కెలికినట్టుంటుంది. పంటిబిగువున ఓర్చుకుంటోంది. ఒక్క మనిషే గాలి తీసుకోగల మిషనొకటి వచ్చిందని పోయినేడు ఓ సేల్స్‌మన్ తెచ్చి చూపించాడు. ఆయన అంతా విని, టీ ఇప్పించి, "మా ఆవిడుండగా ఇదెందుకు" అని పంపేశాడు. ఆమె అప్పుడు ఒక బండి అద్దం తుడుస్తోంది. ఆయన నోట అంతకంటే పెద్ద మాట ఆమె ఎన్నడూ వినలేదు. ఆ మాట విన్న మనిషి మోకాలు నొప్పని ఎలా చెబుతుంది? చెబితే మిషనొస్తుంది, తను ఇంట్లో కూర్చోవాలి. అయినా ఇవాళ చెప్పేద్దామనే అనుకుంది. నాలుగో చక్రం అయ్యాక.

"తొక్కు."

గొంతు వెనక కుడివైపుకి మారింది. తొక్కింది, పట్టింది, వదిలింది. ఎనిమిదిసార్లు. మధ్యలో ఆయన లేచి, బానెట్ కింద డబ్బాలో ఆయిలు నింపి, ఎడమ భుజం నలుపుకున్నాడు. పొద్దున టీ సగంలో వదిలేశాడు. ఏమైందంటే గ్యాసన్నాడు. చెమటలు ఎందుకంటే ఎండన్నాడు. షెడ్డులో ఎండెక్కడిదని ఆమె అడగలేదు.

పొద్దున ఇంకో చిత్రం కూడా చేశాడు. మూరెడు కర్ర ఒకటి కోసి, ఒక చివర పాత టైరు ముక్క మేకులతో కొట్టి, రెండో చివర గాడి తీశాడు. బండిలోకి తీసుకెళ్ళి ఏదో చూసుకుని, మళ్ళీ తెచ్చి వేలెడు తెగ్గోశాడు. అదేంటని అడిగితే "ఉండనీ, పనికొస్తుంది" అని డ్రైవరు సీటు పక్కన పెట్టేశాడు. చక్రాల పని వదిలేసి వడ్రంగం ఏమిటో అనుకుంది ఆమె.

మూడో చక్రం. బానెట్ అడ్డం, ఆయన కనపడడు. స్పానరు ఇనుము మీద ఆనిన చప్పుడు వినపడింది.

"తొక్కు."

తొక్కింది.

"పట్టు." మాట కాస్త నీరసంగా వచ్చింది.

"పట్టా."

పెడల్ కుంగింది. నేలకి ఆనింది. ఆమె నాలుగు లెక్కపెట్టింది. పది లెక్కపెట్టింది. పాత బండి, నిపుల్ మొరాయిస్తోందేమో అనుకుంది. పక్కనున్న పంక్చరు షాపులో కంప్రెసరు గడగడలాడి ఆగిపోయింది. మోకాలి వెనక సూది మొదలైంది.

"ఏమండీ."

మెడ చాచి చూసింది, బానెట్ అంచు తప్ప ఏమీ కనపడలేదు.

"ఏమండీ, వదలనా?"

వదిలేసి దిగొచ్చు. ఇంకెవరైనా అదే చేసేవాళ్ళు. కానీ ఇరవై రెండేళ్ళ కిందట ఒకసారి అలా వదిలింది. మూడేళ్ళ కూతురు బల్ల మీద నుంచి పడి కెవ్వుమంటే, నిపుల్ తెరిచి ఉండగానే కాలు లేచిపోయింది. ఆ క్షణంలో పైపు గాలి పీల్చుకుంది. ఆమె చెప్పలేదు. తొందరలో ఆయన మళ్ళీ తొక్కి చూడలేదు. ఆ సాయంత్రమే ఆ బండి మలుపులో గోడకి కొట్టుకుని డ్రైవరు పెదవి చిట్లింది. జనం ముందు ఆయన నాదే పొరపాటన్నాడు. ఇంటికొచ్చాక మాత్రం, కాళ్ళు కడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండానే అన్నాడు: "నేను వదులు అనేదాకా వదలకు. ఇల్లంటుకున్నా సరే." ఆ ఒక్క వాక్యంతో ఆయనకి తెలుసనీ, ఆ సంగతి ఇంక ఎత్తడనీ రెండూ అర్థమయ్యాయి. ఎత్తలేదు కూడా.

అందుకని పట్టుకునే ఉంది. తొడ దాకా వణుకు పాకింది. రెండో కాలు సాయం తెచ్చుకుందామని పక్కకి ఒరిగినప్పుడు చేతికి కర్ర తగిలింది.

టైరుముక్క ఉన్న చివర పెడల్ మీద ఆనించింది. గాడి ఉన్న చివర సీటు అంచు కింద సరిగ్గా ఇమిడింది. పెడల్ అడుగంటినప్పుడు అక్కడికీ ఇక్కడికీ ఎంత దూరమో అంతే ఉంది కర్ర, వెంట్రుకవాసి తేడా లేదు. ఆమె భయంభయంగా పాదం తీసింది. పెడల్ కదల్లేదు.

ఆయనకి మోకాలి సంగతి తెలుసన్నమాట. ఎన్నాళ్ళ నుంచో.

తలుపు పట్టుకుని దిగి, బానెట్ చుట్టూ తిరిగి వెళ్ళింది. ఆయన నేలమీద కూర్చుని, మడ్‌గార్డుకి తల ఆనించి ఉన్నాడు. ఒక చెయ్యి ఒళ్ళో ఉంది, రెండోది పక్కకి జారిపోయింది. స్పానరు నిపుల్‌కే వేలాడుతోంది. సగం తెరిచిన కళ్ళు సీసా వైపు ఉన్నాయి. అందులో బుడగలు రావడం ఆగిపోయింది.

ఆమెకి ఒక్క చూపులోనే తెలిసిపోయింది. ముందు స్పానరు పట్టుకుని నిపుల్ బిగించింది. ఎప్పుడూ చెయ్యని పని, అయినా చెయ్యికి తెలుసు. ఆ తర్వాత ఆయన చెంప ముట్టుకుంది. నుదుటి మీద చెమట ఇంకా ఆరలేదు. అప్పుడు పంక్చరు షాపతన్ని పిలిచింది, మామూలు గొంతుతోనే.

ఆసుపత్రిలో ఎక్కువసేపు ఉంచలేదు. కూతురికి కబురు పంపారు. జనం వచ్చారు, ఆమె భుజం పట్టుకున్నారు, ఏడవమ్మా, గుండె బరువు దిగుతుందన్నారు. ఆమెకి బరువేమీ తెలియలేదు. లోపల ఎవరో తలుపులన్నీ వేసి వెళ్ళిపోయినట్టుంది. మోకాలు మాత్రం సలుపుతూనే ఉంది.

బండి ఓనరు సాయంత్రం వచ్చి, చేతులు కట్టుకుని, ప్రయాణం మానుకున్నామనీ, బండికి తొందర లేదనీ చెప్పి వెళ్ళాడు. షెడ్డు మూయడానికి వెళ్ళిన పంక్చరు షాపతను షట్టరు సగం దించి ఆగాడు. ఆమె తాళంచెవులతో వెనకే నిలబడి ఉంది.

"అక్కా, బండిలో కర్రేదో పెట్టుంది. తీసేయమంటావా?"

ఆమె వంగి షట్టరు కింద నుంచి చూసింది.

"ఉండనీ. ఆయన వదులు అనలేదు."

అతను షట్టరు దించాడు. లోపల, మూడు చక్రాల బ్రేకులకే గాలి తీసిన బండిలో, దిండు పక్కన, మూరెడు కర్ర పెడల్‌ని నేలకి అదిమి పట్టుకునే ఉంది.